పొయ్యి వెలగని రోజు

మిరజ్,
19 డిసెంబరు 2003

శేవంతా,

ఈ ఉత్తరంలో క్షేమసమాచారాలు వెతక్కు. నువ్వు క్షేమమేనని నాకు తెలుసు. సాతారా ఆశ్రయగృహంలో వంటమనిషివి, నెల తిరిగేసరికి జీతం, నెత్తిన గట్టి కప్పు. క్షేమం లేనిది ఇక్కడ మాకు.

సోమవారం మధ్యాహ్నం గల్లీలోకి రెండు వ్యాన్లు వచ్చాయి. ఆ వేళకి ఎవరేం చేస్తుంటారో నీకు తెలియనిదా? తలంటుకున్నవాళ్లు జుట్టు ఆరబెట్టుకుంటున్నారు. సరూ పప్పులో తాలింపు వేస్తోంది. ముందు పోలీసులు, వెనక కెమెరా పట్టుకున్న ఒకడు, వాడి పక్కన నేత చీర కట్టుకున్న ఒకావిడ. ఆవిడ నా గడప ముందు నిలబడి "భయపడకండి, మిమ్మల్ని కాపాడటానికి వచ్చాం" అంది. ఆ మాట నోట్లో ఉండగానే ఒక కానిస్టేబులు సరూని జుట్టు పట్టి వీధిలోకి లాగాడు. పదకొండు మందిని తోలుకుపోయారు. చంపాని కొంగు కూడా సరిచేసుకోనివ్వలేదు. దాని ఎనిమిది నెలల పిల్లాడు నా గదిలో ఉన్నాడు. సీసా పాలు పడక నాలుగు రోజులుగా కక్కుతున్నాడు. ఎవర్నుంచి ఎవర్ని కాపాడారే వీళ్లు? పిల్లాడి నుంచి తల్లినా?

అడిగితే అందర్నీ సాతారా పంపామన్నారు. అంటే నువ్వు వండిపెడుతున్న కొంపకే. మనవాళ్లని తాళమేసి పెట్టిన చోట నువ్వు గరిటె తిప్పుతున్నావు. సిగ్గుగా లేదూ?

ఆ కొంప నడిపే మీ మేడమ్ చెవిలో వెయ్యి. ఆ పదకొండు మందికీ నా చేత్తో కంచం పెట్టాను. ఈ గల్లీలో నియమం ఉంది, మండలి పెట్టుకుని దాన్ని నూట నలభై మందిమి కాపలా కాస్తున్నాం. కొత్తగా ఎవరొచ్చినా ముందు నా గదికి రావాలి. తెచ్చినవాడు వీధి అవతల నిలబడాలి. ముందు కంచం, తరవాత ప్రశ్న. ముద్ద దిగనిది ఇష్టంతో వచ్చింది కాదు. పద్దెనిమిది నిండనిది ఇక్కడ ఉండటానికి లేదు. అలాంటివాళ్లని ఆ రోజే బస్సెక్కించి మేమే వాళ్ల ఊళ్లో దింపుతాం. పోలీసులు చెయ్యని పని పన్నెండేళ్లుగా చేస్తున్నాం. కాపాడ్డానికి వచ్చిందట, కాపాడ్డానికి!

చంపాకి చెప్పు, పిల్లాడు బతికే ఉన్నాడని.

హౌసక్క


సాతారా,
24 డిసెంబరు

హౌసక్కా,

నీ ఉత్తరం పిండిమరలో అందింది. ఇకముందూ ఆ చిరునామాకే రాయి. ఫోన్ మేడమ్ గదిలో ఉంది, చెయ్యకు. నేను ఎక్కడినుంచి వచ్చానో ఇక్కడ ఎవరికీ తెలియదు. తెలిసిన మర్నాడు నేను రోడ్డు మీద ఉంటాను.

తాళంచెవులు నా దగ్గర ఉన్నట్టు తిట్టావు. నా దగ్గరున్నవి ఉప్పుడబ్బా, పప్పుడబ్బా. చంపా రోజుకి నాలుగుసార్లు స్నానాల గదిలోకెళ్లి పాలు పిండేసుకుని వస్తోంది. వచ్చి నా పొయ్యి దగ్గర కూర్చుంటుంది. ముప్ఫై నాలుగేళ్ల సరూని "మీ నాన్నో మీ ఆయనో వచ్చి సంతకం పెడితే వదులుతాం" అన్నారు. "మా నాన్న పోయి పదేళ్లయింది, స్మశానంలోంచి లేపుకురానా?" అంది సరూ. దానికి ఆ రాత్రి భోజనం లేదన్నారు. నేను దొంగతనంగా పెట్టాను. నాకు కోపం లేదనుకోకు. గట్టు మీద ఉన్నదానికి తడి అంటదని నువ్వనుకుంటున్నావు గానీ నేను ఇక్కడ నిలువునా మునిగే ఉన్నాను.

ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. ఆ పదకొండు మందిలో సువర్ణ అని ఒక పిల్ల ఉంది. ఇరవై అంటోంది. తినదు. రొట్టె తుంచి, ఉండలు చేసి, లంగా బొందులో దోపుకుంటుంది. మిగతా పదిమంది నాకు తెలిసిన మొహాలే, ఈ పిల్లని ఎప్పుడూ చూడలేదు. ఈమధ్యే వచ్చిందంటున్నారు. దానికి నువ్వేం పెట్టావక్కా? తిందా?

శేవంత


మిరజ్,
30 డిసెంబరు

శేవంతా,

ఏం పెడతాను? వచ్చినదానికల్లా పెట్టేదే పెట్టాను. జొన్నరొట్టె, శనగపిండి పిట్ల కూర, ఉల్లిపాయ. తింది. ఇరవై అంది. సరేనన్నాను. దీనికి పంచాయితీ ఎందుకు? మీ కొంపలో తిండి దిగడం లేదంటే మీ కొంప చూసుకోండి.

గట్టు మీద కూర్చుని నాకు ఈత నేర్పకు. నువ్వు వెళ్లిపోయిన తొమ్మిదేళ్లలో ఎంతమంది పసిపిల్లల్ని ఇంటికి చేర్చానో తెలుసా? బెల్గాం దాకా, బీదర్ దాకా వెళ్లాను. ఒకచోట పిల్లని తెచ్చినందుకు వాళ్ల అన్న నన్ను చెప్పుతో కొట్టాడు. కొడితే కొట్టాడని పిల్లని అప్పజెప్పే వచ్చాను. అలాంటిదాన్ని పట్టుకుని తిందా లేదా అని సాక్ష్యం అడుగుతావా?

మండలి వకీలు కోర్టులో అర్జీ పెట్టాడు. పెద్దవాళ్లని వాళ్ల ఇష్టానికి విరుద్ధంగా ఆపడానికి లేదట. నెలాఖరులోగా పదిమందీ వచ్చేస్తారు. పిల్లాడికి మేకపాలు పడుతున్నాయని చంపాతో చెప్పు.

పైనుంచి కొత్త ముచ్చట. మొన్న వ్యాన్లు వచ్చినప్పుడు గోడ దూకి పారిపోయింది కదా రుక్మా, ఆడపిల్లల్ని పెట్టుకుని ఇల్లు నడిపే మాలకిన్, దాని జాడ ఇంతవరకూ లేదు. పోతే పీడాపోయింది.

హౌసక్క


సాతారా,
6 జనవరి 2004

నువ్వు పదిమంది అని రాశావు. పదకొండు మంది కదా? ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ చెయ్యి నీకు తెలియకుండానే నిజం రాసింది.

డాక్టరు ఎముకల ఫోటో తీశాడు. సువర్ణకి పదిహేను, మహా అయితే పదహారు. అది చెప్పడానికి ఫోటో అక్కర్లేదు. నిన్న అది చంపాతో అచ్చనగాయలు ఆడింది. ఓడిపోయి ఏడ్చింది. ఇరవై ఏళ్లదెవరైనా అచ్చనగాయల్లో ఓడిపోయి ఏడుస్తుందా?

పొద్దున నాతో కూర్చుని మెంతాకు వలుస్తోంది. నేనేమీ అడగలేదు. నియమం నాకూ తెలుసు. ఒక చిన్న రొట్టె, వెన్న రాసి, పక్కన పెట్టి నా పని నేను చేసుకున్నాను. చాలాసేపయ్యాక తింది. తిన్నాక అదే చెప్పింది.

"మామ తీసుకొచ్చాడు. ఒక పెద్ద బాయి గడప దగ్గర నిలబెట్టి అడిగింది."

"లోపలికి పిలవలేదా?"

"లేదు. మామ నా మెడ వెనక చెయ్యి వేసి ఉన్నాడు. ఇరవై అని చెప్పమన్నాడు, చెప్పాను. ఆ బాయి ముక్కుపుడక తిప్పుకుంటూ 'సరే, ఉండు' అంది. ఆమె చేతికి గాజుల్లేవు. ఆ రోజు ఆ వీధిలో ఎవరి చేతికీ గాజుల్లేవు, గడపల ముందు పగిలిన గాజుముక్కలు. ఎవరో చచ్చిపోయారనుకున్నాను."

ముక్కుపుడక తిప్పుకునేది ఎవరో నేను వేరే చెప్పాలా? పోనీ అది వదిలెయ్యి. మన గల్లీ గడపల ముందు గాజుముక్కలు పడేది ఏడాదిలో ఒక్క రోజు. మార్గశిర పున్నమి. ఎల్లమ్మ తల్లికి భర్త పోయిన రోజు. తల్లి పేరున మెడలో ముత్యాలు కట్టించుకుని జోగినులైనవాళ్లంతా గాజులు పగలగొట్టుకుంటారు, మళ్లీ మాఘ పున్నమికి గానీ తొడుక్కోరు. ఆ రోజు గల్లీలో ఒక్క పొయ్యి వెలగదు. నేను కూడా ఆ వీధిలో పద్దెనిమిదేళ్లు ఆ రోజు పస్తున్నాను.

పొయ్యి వెలగని రోజు రొట్టె ఎక్కడిది, హౌసా?

శేవంత


మిరజ్,
13 జనవరి

శేవంతా,

నన్ను హౌసా అన్నావు. ఇరవై ఏడేళ్లలో మొదటిసారి. అను, నాకు తగిందే.

రొట్టె లేదు. పెట్టలేదు. అబద్ధం రాశాను.

ఆ రోజు సౌందత్తి ఎల్లమ్మ గుడికి జీపు మాట్లాడాను. పదమూడుమంది ఎక్కి కూర్చున్నారు, నా ఒక్కదానికోసం ఆగారు. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. గుమ్మం దిగుతుంటే రుక్మా ఆ పిల్లని, దాన్ని తెచ్చినవాణ్ణి తీసుకుని ఎదురొచ్చింది. ఈ రోజు కాదు రేపు తీసుకురా అనొచ్చు. ఆ పిల్లని నా గదిలో కూర్చోబెట్టి వెళ్లొచ్చు. నేనేం చేశానో తెలుసా? తల్లి దర్శనానికి ఆలస్యమవుతోందని గడప మీదే నాలుగు ప్రశ్నలు అడిగేశాను. వాణ్ణి వీధి అవతలికి పొమ్మనలేదు. "వచ్చాక మాట్లాడతా" అని జీపెక్కాను. రెండు రోజులకి వచ్చాను. వచ్చాక మాట్లాడలేదు. మర్చిపోయాను.

ఇంకొకటి. మెడ వెనక చెయ్యి నేను చూశాను. చూడలేదని ఎవరితోనైనా అనగలను, నీతో అనలేను. చూసి కూడా జీపెక్కాను. ఆ తల్లి ముందు గంటసేపు వరసలో నిలబడి అందరూ చల్లగా ఉండాలని మొక్కుకున్నాను. నా మొక్కు పాడుగాను.

రాత్రీపగలూ నన్ను నేను తిట్టుకుంటున్నాను, ఇంక నువ్వు తిట్టేది ఏమీ మిగల్లేదు. ఇప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే. ఆ పిల్లని ఇంటికి చేర్చు. ఆ మామ అనేవాడు ఎవడో దొంగవెధవ, ఎత్తుకొచ్చి ఉంటాడు. కన్నవాళ్లు ఎక్కడో కుళ్లికుళ్లి ఏడుస్తుంటారు. వాళ్ల ఊరు కనుక్కో, మీ మేడమ్‌కి చెప్పు, వాళ్ల నాన్నని పిలిపించు. మీ కొంప ఈ ఒక్క మంచిపనైనా చేస్తే వాళ్లు చేసిన మిగతా పాడుపనులన్నీ నేను మర్చిపోతాను.

హౌసక్క


సాతారా,
22 జనవరి

హౌసా,

వాళ్ల నాన్నని పిలిపించమన్నావు. పిలవకుండానే వచ్చాడు. పేరు దగడూ. గాంధీ టోపీ, ఉతికిన ధోవతి, చేతిలో కోవా పేడాల పొట్లం. గేటు దగ్గర ఏడ్చాడు. మేడమ్ లోపలికి పిలిచి కుర్చీ వేసి టీ ఇప్పించింది. ఆ టీ నేనే కాచాను.

కప్పు ఇచ్చి వంటింట్లోకి వచ్చేసరికి సువర్ణ బియ్యం బస్తాల వెనక నక్కి ఉంది. చాటలో గింజలన్నీ నేలపాలు. "ఎవరే ఆయన?" అన్నాను.

"మామ."

"మీ నాన్నని కదే చెబుతున్నారు?"

"నాన్నే. అక్కడ మామ అనమన్నాడు."

చదివావా? మళ్లీ చదువు. కన్నవాళ్లు కుళ్లికుళ్లి ఏడుస్తున్నారన్నావు కదా. ఏడ్చాడు మరి, మేడమ్ రుమాలు కూడా ఇచ్చింది.

రేషన్ కార్డు తెచ్చాడు, సర్పంచి రాసిన చీటీ తెచ్చాడు. ఫిబ్రవరి మూడున పిల్లల సంక్షేమ కమిటీ కూర్చుంటుంది. ఆ రోజు సంతకం పెట్టించుకుని పిల్లని వాడి చేతికి అప్పజెబుతారు. రెండు నెలలు తిరక్కుండా ఇంకో ఊళ్లో ఇంకో గడప మీద ఇంకోసారి నిలబెడతాడు. ఈసారి మరీ దూరం పోతుంది.

సువర్ణ కమిటీ ముందు నోరు విప్పదు. ఇంట్లో తొమ్మిదేళ్ల చెల్లెలు నందా ఉంది, తల్లి లేదు. "నేను చెబితే నందాని ఏం చేస్తాడో" అని ఒకటే మాట. నేను మేడమ్‌కి చెప్పాను. "వంటింట్లో కూర్చుని కథలల్లకు. ఆ తండ్రి కన్నీళ్లు నేను నా కళ్లతో చూశాను" అంది. రుక్మా పారిపోయింది. వాణ్ణి ఆ గల్లీలో, ఆ పిల్ల మెడ మీద చెయ్యి వేసి ఉండగా చూసిన మనిషి ఈ లోకంలో ఇంకొక్కతే ఉంది.

నువ్వు వచ్చి చెప్పాలి. నీ తప్పుతో సహా చెప్పాలి. చెబితే ఏమవుతుందో నాకు తెలియక కాదు. పసిపిల్లని తెలిసి తెలిసి ఉంచావని నీ మీద కేసు పెడతారు.

ఇప్పుడు ఒకటి అడుగుతాను. నన్ను తెచ్చినప్పుడు నాకు పదమూడు. నువ్వు పక్క గదిలోనే ఉన్నావు, మధ్య రేకు గోడ. నువ్వు రొట్టె పట్టుకుని వచ్చింది మూడో రోజు. ఆ రొట్టె తిన్నాకే నేను మాట్లాడానని, మండలి పెట్టిన రోజున ఈ నియమం చెప్పింది నేను. కంచం ముందు, ప్రశ్న తరవాత అని. ఆ మాట నాది. మొదటి రోజే ఎందుకు రాలేదని నేను నిన్ను ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. మొదటి రోజు ఎందుకు రాలేదు?

శేవంత


మిరజ్,
29 జనవరి

శేవంతా,

చంపా, సరూ, మిగతావాళ్లూ ఇల్లు చేరారు. పిల్లాడు తల్లిని చూసి మొదట గుర్తుపట్టలేదు. నా మెడ పట్టుకుని వదల్లేదు. చంపా నవ్వింది గానీ ఆ నవ్వు చూడలేకపోయాను.

నీ ఉత్తరం మండలిలో చదివించాను. అందర్నీ కూర్చోబెట్టి, సరూ చేత గట్టిగా చదివించాను. నా తప్పు వాళ్లకి కూడా అప్పుడే తెలిసింది. ఎంత గొడవయిందో! "నువ్వు వెళ్లి చెబితే మనందరి నోట్లో మన్నే. ఇదిగో చూశారా, వీళ్లే పసిపిల్లల్ని అమ్ముతున్నారంటారు. మళ్లీ వ్యాన్లు వస్తాయి" అన్నారు సగంమంది. వాళ్లు చెప్పింది అబద్ధమా? కాదు. చేసింది దగడూ, తిన్నది రుక్మా, పేరు మాత్రం నూట నలభై మందికీ. అది తలుచుకుంటే నా ఒళ్లు మండిపోతోంది. మనం ఒక్క తప్పు చెయ్యడానికి లేదు. వాళ్లు పాలు తాగే పిల్లాణ్ణి ఏడిపించినా పుణ్యమే.

అప్పుడు చంపా లేచింది. "ఆ పిల్ల నా పక్కనే పడుకునేది. నిద్రలో నందా, నందా అనేది. ఎవరూ వెళ్లకపోతే నేను వెళ్లి అబద్ధపు సాక్ష్యమైనా చెబుతాను, నేనే చూశానని" అంది. తప్పు నాది, అబద్ధం దానికెందుకు?

నువ్వు అడిగినదానికి జవాబు. మొదటి రోజు భయపడ్డాను, రాలేదు. రెండో రోజూ భయమే. మూడో రోజు కూడా భయం పోలేదు. కానీ నీ ఏడుపు వినబడ్డం ఆగిపోయింది. చచ్చిపోయావేమోనని వచ్చాను. ఇన్నేళ్లూ నువ్వు నన్ను అక్కా అని పిలిచినప్పుడల్లా ఆ రెండు రోజులే లెక్కపెట్టుకున్నాను.

ఈసారి మూడో తేదీకి వస్తున్నాను. మండలి పదవి సరూకి అప్పజెప్పాను. గది తాళంచెవి పక్కింట్లో ఉంది. అక్కడ నన్ను ఎరగనట్టే ఉండు. నీ కూడు నువ్వు పోగొట్టుకోవద్దు. ఇది పెద్దదానిగా చెబుతున్నాను, విను.

హౌసా


మిరజ్, నీ గదిలోంచి,
7 ఫిబ్రవరి

హౌసక్కా,

నీ మాట వినలేదు. తిట్టు.

నువ్వు చెప్పిందంతా చెప్పి, దగడూ వైపు వేలు చూపించి, "వీడే. మెడ మీద చెయ్యి వేసింది వీడే. నేను చూసి కూడా పోనిచ్చాను" అన్నావు. ఆ వెంటనే కానిస్టేబుళ్లు నిన్ను బయటికి తీసుకుపోయారు. తరవాత జరిగింది నీకు తెలియదు.

దగడూ టోపీ తీసి చేతుల్లో పట్టుకుని భోరుమన్నాడు. అధ్యక్షుడు కళ్లజోడు తుడుచుకుంటూ, "ఇలాంటి ఆడవాళ్ల మాట పట్టుకుని కన్నతండ్రిని అనుమానిస్తామా?" అన్నాడు. మా మేడమ్ తలూపింది. సంతకానికి కాగితం దగడూ ముందుకి జరిపారు. సువర్ణ చెయ్యి నా చేతిలో ఉంది, చల్లగా ఉంది.

ఇంక నా వల్ల కాలేదక్కా. లేచాను. "అయ్యా, నేను కూడా ఇలాంటి ఆడదాన్నే" అన్నాను. "పదమూడేళ్లకి అదే వీధిలో అమ్మేశారు నన్ను. తొమ్మిదేళ్లుగా ఈ మేడమ్‌గారు నా చేతి వంట తింటున్నారు. అబద్ధం చెప్పి తప్పించుకునేవాళ్లని మీరు చాలామందిని చూసి ఉంటారు. అబద్ధం చెప్పి జైలుకి పోయేవాళ్లని ఎక్కడైనా చూశారా? ఆవిడ నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటే ఆవిణ్ణి అడిగేవాడెవడు?"

కమిటీలో చివర కూర్చున్న ఒక ముసలి టీచరమ్మ కాగితం మీద చెయ్యి పెట్టి వెనక్కి లాక్కుంది. సువర్ణని చూసి, "నువ్వు చెప్పమ్మా" అంది. సువర్ణ నా వెనకాల నుంచే, "ముందు నందాని ఇక్కడికి తీసుకురండి. అప్పుడు చెబుతాను" అంది. దగడూ మొహంలో ఏడుపు టక్కున ఆగిపోయింది. అది ఆ టీచరమ్మ కూడా చూసింది.

ఆవిడే వాళ్ల ఊరి పోలీసులకి ఫోన్ చేసింది, వాణ్ణి కదలనివ్వలేదు. సాయంత్రం అయిదింటికి నందాని జీపులో తెచ్చారు. అక్క గౌను వేసుకుని ఉంది, చీలమండల దాకా వేలాడుతోంది. సువర్ణ దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని గంటసేపు ఆపకుండా చెప్పింది. ఒక్క కన్నీటి చుక్క రాలేదు. దగడూని అటునుంచి అటే లోపలేశారు. అక్కాచెల్లెళ్లిద్దర్నీ కొల్హాపూర్ హాస్టలు బడికి పంపమని రాశారు.

మేడమ్ సంగతి వింటావా? బయటికి రాగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ఇన్నాళ్లూ నీ చేతి వంటా నేను తిన్నది!" అంది. "ఒక్కనాడైనా అరక్కపోయిందా తల్లీ?" అన్నాను. మర్నాటి నుంచి రావద్దంది. పిల్లలిద్దర్నీ కొల్హాపూర్‌లో దింపి రావడమే నా ఆఖరి డ్యూటీ.

బస్సులో సువర్ణ నీ గురించి మాట్లాడింది. ఉన్నదున్నట్టు రాస్తాను, తీయబరచను. "ఆ బాయి మంచిది కాదు. నన్ను చూసింది, చూసి వెళ్లిపోయింది. నేను క్షమించను" అంది. నేను సమాధానపరచలేదు. ఏ మొహం పెట్టుకుని సమాధానపరచను? నందా నా భుజం మీద నిద్రపోయింది. ఇస్లామ్‌పూర్ దాటాక సువర్ణ మళ్లీ అడిగింది:

"ఆ రోజు పొయ్యి వెలిగి ఉంటే ఆమె నాకేం పెట్టేది?"

నాకు తెలిసినా చెప్పలేదు. అది నిన్ను అడిగిన ప్రశ్న.

నిన్న మాఘ పున్నమి. గల్లీలో అందరూ గాజులు తొడుక్కున్నారు. నీకోసం డజను పచ్చవి విడిగా పెట్టాం. సరూ నన్ను నీ గదిలోనే ఉండమంది. కంచం పెట్టే పని నాకు అప్పజెప్పారు. ఇకమీదట ఏ పున్నమైనా ఒక పొయ్యి వెలుగుతూ ఉండాలని తీర్మానం చేశాం. తల్లికి కోపం వస్తే రానీ, నేను మాట్లాడుకుంటాను.

వకీలు వచ్చే వారం బెయిలుకి వేస్తున్నాడు.

శేవంత


జైలు, ఆడవాళ్ల బ్యారక్,
15 ఫిబ్రవరి

శేవంతా,

ఇక్కడ గాజులు తొడగనివ్వరు. పచ్చవి అక్కడే ఉండనీ. ఇక్కడ పద్ధతి వేరు, అడగడమంతా అయ్యాకే కంచం ఇస్తారు. మొదటి రోజు నాకూ ముద్ద దిగలేదు. అప్పుడు నువ్వే గుర్తొచ్చావు.

ఉద్యోగం పోగొట్టుకున్నందుకు నిన్ను తిట్టాలి. బయటికొచ్చాక తిడతాను.

సువర్ణతో చెప్పు. క్షమించమని నేను అడగను. క్షమించనన్నది సరైన మాట. ఆ మాట అనగలిగిందంటే దానికి నోరొచ్చింది. ఇక ఆ నోరు ఎవరికోసమూ మూసుకోవద్దని చెప్పు, నాకోసం కూడా.

అది అడిగినదానికి జవాబు ఇది. సరిగ్గా ఇలాగే చెప్పు.

ముందు వాణ్ణి వీధిలోకి గెంటి తలుపు గడియ వేసేదాన్ని. జీపువాడు గంటసేపు హారన్ కొట్టినా తీసేదాన్ని కాదు. చేతులు కడుక్కోమనేదాన్ని. పెనం మీంచి అప్పుడే దించిన జొన్నరొట్టె, శనగపిండి పిట్ల, ఉల్లిపాయ. పచ్చిమిర్చి నూరిన ఠేచా పచ్చడి చిన్నపిల్లకి కారమని పెరుగు కలిపి పెట్టేదాన్ని. రెండో రొట్టె అడక్కుండానే వేసేదాన్ని. అది తింటున్నంతసేపూ నేనేమీ మాట్లాడేదాన్ని కాదు. తిన్నాక నెమ్మదిగా అడిగేదాన్ని, ఎన్నేళ్లే తల్లీ నీకు అని.

పదిహేను అని చెప్పేది.

హౌసా